విమానమూ, నేలమీది మనిషీ

యుద్ధపరికరాన్ని చూసి మనిషి ముచ్చటపడవచ్చునా అనే ప్రశ్న పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. పడితే ఏం, పడకపోతే ఏం అనిపిస్తుంది. కాని మన బడులవాళ్లు పిల్లలను వరస కట్టించి తీసుకుపోయి చూపించే వింతలలో ఇవాళ యుద్ధపరికరాలు కూడా వున్నాయి. ఏది అందమైనదో, ఏది గొప్పదో పిల్లల మనసులో స్థిరపడే చోట్లలో అది ఒకటి. అందుచేత ఈ ప్రశ్నను తప్పించుకుపోవడానికి వీలులేదు.

దీనికి సమాధానాలు మన మిత్రుల దగ్గర సిద్ధంగానే వున్నాయి. వస్తువుకు పాపపుణ్యాలు లేవు, పట్టుకున్న చెయ్యిదే పాపమంతా అంటారు కొందరు. వెనువెంటనే కత్తిపీట ఉపమానం వచ్చేస్తుంది. ఆయుధమన్నదే పాపిష్ఠిది, అది పిల్లల కంట పడనేకూడదని మరికొందరు. ఇక మనలో, అంటే అభ్యుదయవాదులమని చెప్పుకునేవారిలో, ఇంకొక సమాధానం కద్దు. దాన్ని ఎవరూ వ్యాసాలలో వ్రాయరు, టీకొట్టు దగ్గర అంటారు: ఆయుధం మనవాళ్లదైతే ఫరవాలేదు. వీటన్నిటినీ ఒక అసలైన వస్తువు ముందు నిలబెట్టి చూడాలని నా వుద్దేశం.

ఆ వస్తువు విశాఖపట్నం బీచి రోడ్డు మీద వున్నది. టుపొలెవ్-142 అనే నౌకాదళపు విమానం. సోవియట్ యూనియన్‌లో తయారై 1988లో మన నౌకాదళంలో చేరింది. మొదట గోవా నుంచి, ఆ తర్వాత అరక్కోణం నుంచి ఎగిరింది. మొత్తం ఎనిమిదింటిని కొన్నారు. ముప్పై వేల గంటలు ప్రమాదం లేకుండా ఎగిరాయని నౌకాదళం గర్వంగా చెప్పుకుంటుంది. 29 ఏళ్ల కొలువు తర్వాత 2017 మార్చిలో వాటికి విశ్రాంతి యిచ్చారు. వాటిలో ఒకటి విశాఖకు ఎగిరివచ్చి, ముక్కలుగా విడదీయబడి, సముద్రపు టొడ్డున మళ్లీ అతకబడి, ఆ డిసెంబరులోనే మ్యూజియం అయింది. రోడ్డు దాటితే కురుసుర అనే జలాంతర్గామి ఇసుకలో నిలబడి వుంటుంది. అదీ సోవియట్ యూనియన్‌లో కట్టిందే. 1969 నుంచి 2001 దాకా పనిచేసి 2002లో మ్యూజియంగా మారింది. జలాంతర్గామిని వేటాడడానికి పుట్టిన విమానం, జలాంతర్గామి, రోడ్డుకు అటొకటి, ఇటొకటి.

దసరా సెలవుల్లో రాజమండ్రి నుంచి రత్నాచల్‌లో బయలుదేరి వెళ్లాము. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల మా అమ్మాయి, మా మామగారు. మా ఆవిడ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతుంది. మామగారు కాగితపు మిల్లులో ఫిట్టరుగా చేసి విరమించిన మనిషి. వీళ్లను గురించి చెప్పడం కుటుంబ విశేషాలు వినిపించాలని కాదు. ఒకే యంత్రాన్ని నలుగురు ఎంత వేరువేరుగా చూడగలరో నాకు ఆ రోజు తెలిసింది.

మామగారు లోపలికి వెంటనే రాలేదు. రెక్క కింద నిలబడిపోయారు. నాలుగు ఇంజన్లు, ఒక్కొక్కటి సుమారు పదిహేను వేల అశ్వశక్తి కలది. ఒక్కో ఇంజనుకు ముందూ వెనకా రెండు పంకాలు, అవి ఎదురెదురు దిక్కులకు తిరుగుతాయి. మొదటి పంకా గాలిని సుడి తిప్పి వృథా చేసే శక్తిని రెండోది పట్టుకుని ముందుకు నెడుతుందని ఆయన మనుమరాలికి రెండు చేతులూ తిప్పి చూపించారు. తర్వాత రేకు మీద వేలు పోనిస్తూ, "చూశారా అల్లుడుగారూ, ఇన్ని వేల రివెట్లలో నాకు ఒక్క వంకర కనపడదు. ఈ పని చేసినవాడు ముందు పనివాడు, ఆ తర్వాతే రష్యావాడు" అన్నారు.

ఈ మాటను నేను తేలికగా తీసుకోలేను. యంత్రంలో దాగిన శ్రమను గుర్తుపట్టగలిగినవాడు యుద్ధోన్మాది కాడు. నలభై ఏళ్లు యంత్రాల దగ్గర వేళ్లు అరగదీసుకున్న మనిషి తనవంటి మరొక మనిషికి, వాడి పేరు తెలియకుండానే, నమస్కారం చేశాడు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియంలో ఆనకట్ట నాటి పరికరాలను చూసినప్పుడూ ఆయన ఇలాగే ఆగిపోయారు. ఆ పనిముట్లు 1847 నుంచి 1852 దాకా గోదావరికి అడ్డకట్ట వేశాయి; కంపెనీ శిస్తు కోసమేననుకున్నా మన డెల్టాకు తిండి పెట్టాయి. పనిముట్టు మీది గౌరవం శ్రమ మీది గౌరవమే.

అయితే కత్తిపీట వాదం గెలిచినట్లేనా? లోపల నడిస్తే అది కొంతదూరమే మనతో వస్తుందని తెలుస్తుంది. సోనోబాయ్ అనే గొట్టాలున్నాయి. విమానం వాటిని సముద్రంలో వదిలితే అవి తేలుతూ, నీటి అడుగున వచ్చే చప్పుళ్లను విని, రేడియో ద్వారా పైకి చెబుతాయి. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుందని, గాలిలో కంటే నాలుగు రెట్లు మించిన వేగమని మా ఆవిడ అక్కడే పాఠం మొదలుపెట్టింది. ఇటువంటి చెవులతోనే శాస్త్రజ్ఞులు తిమింగలాల కూతలు వింటారు. కనుక వినే గొట్టానికి కత్తిపీట ఉపమానం సరిపోతుంది. కాని టార్పెడోకు వంటిల్లు ఏది? దానికి రెండో ఉపయోగం లేదు. మనుషులున్న వోడను పగలగొట్టడం ఒక్కటే దాని పని. ఒకే విమానంలో పంకా వున్నది, చెవి వున్నది, టార్పెడో మోసే అరా వున్నది. "వస్తువు నిర్దోషి" అని మొత్తానికి ఒక్క తీర్పు చెప్పేవాడు వస్తువును సరిగా చూడలేదన్నమాట.

ఇక మన టీకొట్టు సమాధానం. ఆ ఇరుకు దారిలో మా అమ్మాయి వంగకుండా నడిచింది, నేను అక్కడక్కడ వంగి నడిచాను. ఆ గొట్టపు వ్యాసానికి ఒక చరిత్ర వున్నది. 1944లో జపాను మీద బాంబులు వేసిన కొన్ని అమెరికన్ బి-29 విమానాలు తిరిగిపోలేక సోవియట్ భూమి మీద దిగాయి. స్టాలిన్ ప్రభుత్వం వాటిని తిరిగి యివ్వలేదు. టుపొలెవ్ బృందం వాటిని విప్పి, కొలిచి, అచ్చు గుద్దినట్లు టు-4ను తయారుచేసింది. ఆ గొట్టపు వ్యాసాన్నే వుంచుకుని 1952లో ఎగిరింది టు-95 బాంబరు. దానిని సముద్రానికి అనువుగా మారిస్తే 1968లో వచ్చినది టు-142. అంటే మా పిల్ల నడిచిన ఆ సొరంగం, 1945 ఆగస్టు 6న హిరోషిమా మీదికి వెళ్లిన విమానపు కొలతతో చేసినది. పంకాలను తిప్పే ఇంజను సంగతీ అంతే. కుయిబిషెవ్‌లో దాన్ని రూపొందించినవారిలో 1946లో పట్టి తెచ్చిన జర్మన్, ఆస్ట్రియన్ ఇంజనీర్లున్నారు. అంతకుముందు వారు హిట్లరు విమానాలకు పనిచేసినవారు. టుపొలెవ్ స్వయంగా 1937లో అరెస్టయి, ఖైదీగా వుండి విమానాలు గీసినవాడు.

నాజీ కార్ఖానా, అమెరికన్ కొలత, సోవియట్ చెరసాల: ఇవన్నీ కలిసిన వస్తువును "మనవాళ్లది" అనడానికి మనకు ఏ ఆధారం వున్నది? ఆయుధానికి పార్టీ సభ్యత్వం వుండదు. 1961 అక్టోబరు 30న, మానవజాతి పేల్చిన అన్నిటికంటే పెద్ద అణుబాంబును మోసుకుపోయినది ఒక టు-95. దాన్ని చేసిన రాజ్యం 1991లో పోయింది, విమానాలు మిగిలాయి. టు-142 చట్రం మీదనే కట్టిన టు-95 రకం నుంచి 2022 తర్వాత యుక్రెయిన్ పట్టణాల మీదికి క్షిపణులు వదులుతున్నారు. రివెట్లు అవే, వంకర లేనివే. మన అరక్కోణంలో టుపొలెవ్ ఖాళీ చేసిన పని ఇప్పుడు అమెరికన్ బోయింగు విమానాలు చేస్తున్నాయి. 1950లో ప్రపంచమంతటా సంతకాలు సేకరించిన స్టాక్‌హోమ్ విజ్ఞప్తి ఏ దేశపు బాంబు అని అడగలేదు. అణ్వాయుధాన్ని నిషేధించండి అన్నది, ముందుగా ప్రయోగించిన ప్రభుత్వం ఏదైనా నేరస్థురాలే అన్నది. మనం నిలబడవలసిన చోటు మనవాళ్లే చూపించి వెళ్లారు. టీకొట్టు దగ్గర దాన్ని మరిచిపోతున్నాము.

అంతమాత్రాన ఆయుధం ఎవరి చేతిలోనైనా ఒకటేనని అనను. ఫాసిజాన్ని పద్యాలు ఓడించలేదు. అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో పుట్టిన నాటికి ఆ యుద్ధం మన గుమ్మం దాకా వచ్చి ఏడాది కావస్తున్నది. 1942 ఏప్రిల్ 6 సోమవారం జపాను విమానవాహకనౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మా అమ్మమ్మకు అప్పుడు పదేళ్లు, కాకినాడలో వున్నారు. నా చిన్నతనంలో నేను ఎన్నిసార్లు అడిగినా ఆవిడ విమానం ఎలావున్నదో చెప్పలేకపోయింది. ఆవిడకు గుర్తున్నది మూకుట్లో మాడిపోయిన పోపు. వాళ్లమ్మ పొయ్యి ఆర్పకుండా పిల్లల రెక్కలు పట్టుకుని వీధిలోకి పరుగెత్తింది. ఆ రాత్రికి ఎడ్లబండి కట్టుకుని ద్రాక్షారామం వైపు చుట్టాల ఊరికి వలసపోయారు. ఆ మాడు వాసన ఆవిడకు చివరిదాకా పోలేదు.

నా ప్రశ్నకు సమాధానం ఇక్కడ దొరుకుతుందని నా నమ్మకం. విమానాల మ్యూజియం మనిషిని ఎప్పుడూ చోదకుడి కుర్చీ దగ్గరికి తీసుకువెళుతుంది. అద్దంలో నుంచి కిందికి చూడమంటుంది. కింద నిలబడి పైకి చూసినవాడి చోటు అందులో వుండదు. (పుష్పకవిమానం మనదేనని ఛాతీ విరిచేవారు కూడా దాని కింద నిలబడ్డవాళ్ల సంగతి ఎత్తరు.) తిక్కనగారి భారతం చదివినవారికి ఈ తేడా కొత్త కాదు. వ్యాసుడి అనుగ్రహంతో దివ్యదృష్టి పొందిన సంజయుడు యుద్ధం చూశాడు: ఎవరు ఏ అస్త్రం వేశారు, ఏ రథం విరిగింది, ఏ వ్యూహం చెదిరింది. అదే వ్యాసుడి వరంతో స్త్రీపర్వంలో గాంధారి కూడా చూసింది. ఆమె చూసినది అస్త్రాలను కాదు, శవాలను, వాటి మీద పడి ఏడుస్తున్న కోడళ్లను. ఇద్దరి చూపూ ఒకే చోటు నుంచి వచ్చినదే. మ్యూజియములు మనకు సంజయుడి కళ్లు ఇస్తాయి. గాంధారి కళ్లు ఇవ్వవు.

ఇవ్వబోతే ఏమవుతుందో అమెరికాలో తేలింది. హిరోషిమా మీద బాంబు వేసిన ఎనోలా గే విమానాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ప్రదర్శిస్తూ, దాని పక్కన హిరోషిమాలో చనిపోయినవారి వస్తువులు కూడా పెట్టాలని అక్కడి చరిత్రకారులు సంకల్పించారు. మాజీ సైనికుల సంఘాలు, కాంగ్రెసు సభ్యులు గగ్గోలు పెట్టారు. 1995 జనవరిలో ఆ పథకం రద్దయింది. విమానం మిగిలింది. ఇప్పుడది వర్జీనియాలో తళతళలాడుతూ నిలబడి వున్నది.

మన విశాఖ తీరం కూడా ఇటువంటిదే. బీచి రోడ్డు మీద 1971 యుద్ధ విజయానికి స్మారకస్తంభం వున్నది. ఆ యేడు డిసెంబరు 3, 4 తేదీల నడిరాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అదే సముద్రంలో మునిగిపోయింది. అది 1944లో అమెరికాలో జలప్రవేశం చేసిన వోడ. మనం ముంచామని మన నౌకాదళం అంటుంది, లోపలి పేలుడువల్ల పోయిందని వాళ్లంటారు. ఆ తగాదా ఎలా తేలినా, అందులోని 90 మందికి పైగా నావికులలో ఒక్కడూ బయటపడలేదు. మామగారు ఒడ్డున నిలబడి చెయ్యి చాచి, "అదిగో, అటు" అని చూపించారు. మా అమ్మాయి కాసేపు చూసి, "లోపల వాళ్లింకా వున్నారా తాతయ్యా?" అన్నది. "వున్నారమ్మా." "మరి దాన్నెందుకు మ్యూజియం చెయ్యలేదు?" మామగారు ఏమీ చెప్పలేకపోయారు. వున్నవాళ్లను ఖాళీ చేయించిన తర్వాతనే ఏ వోడనైనా మ్యూజియం చేస్తారని మా ఆవిడ మెల్లగా అన్నది.

తిరిగివచ్చాక మా కళాశాలలో ఈ విషయం మీద పెద్ద చర్చే జరిగింది. బి.ఏ. విద్యార్థులను అక్కడికి తీసుకుపోదామని నేను ప్రతిపాదించాను. ఎన్.సి.సి. చూసుకునే మిత్రుడు సంతోషించాడు. నా కారణాలు అతనికి అక్కరలేదు. చరిత్ర శాఖలోని మిత్రుడు, మన వుద్యమంలో నాకంటే సీనియరు, మండిపడ్డాడు: "యుద్ధాన్ని అమ్ముకునే దుకాణానికి మనమే గిరాకీ తోలాలా?" నేను ఒప్పుకోలేదు. మనం తీసుకుపోకపోతే వాళ్లు వెళ్లరా? సెలవుల్లో వెళతారు, పంకా పక్కన ఫోటో దిగి వస్తారు. చూడకూడదని శాసిస్తే సంజయుడి చూపు ఒక్కటే వాళ్లకు మిగులుతుంది. అదీగాక, మామగారు రివెట్లలో చూసినది మా విద్యార్థులు కూడా చూడాలి. వాళ్లలో సగంమంది పనివాళ్ల బిడ్డలు.

నేను పెట్టిన షరతులు రెండు. వెళ్లే ముందు వారం తరగతిలో స్త్రీపర్వం చదవాలి. బస్సు తిన్నగా విశాఖ పోకుండా ముందు కాకినాడలో ఆగాలి. 1942 నాటికి పిల్లలై, ఇవాళ తొంభై దాటిన వృద్ధులెవరైనా దొరికితే వాళ్ల దగ్గర ఒక గంట కూర్చోవాలి.

"అంత వయసువాళ్లు ఎవరూ దొరక్కపోతే?" అన్నాడు చరిత్ర మిత్రుడు.

మా అమ్మను బస్సెక్కిస్తానన్నాను. ఆవిడ ఆ యుద్ధం చూడలేదు గాని, మాడిన పోపు సంగతి వాళ్లమ్మ చెప్పగా విన్నది.