పదిహేను రోజుల నియ్యత్

ఆ రోజు ఇషా నమాజు అయిపోయాక జమాఅత్ అంతా వెళ్ళిపోయింది. ఒక యువకుడు మాత్రం స్తంభానికి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. దీపాలు ఆర్పుతుంటే లేచి నా దగ్గరికి వచ్చాడు.

“మౌలానా, ఒక మసలా అడగాలి. నేను ముసాఫిర్‌నా, ముఖీమ్‌నా?”

“ఎక్కడి నుంచి వచ్చావు తమ్ముడూ?”

“కర్నూలు జిల్లా. అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో ఉంటున్నాను. నాలుగేళ్ళయింది.”

అశోక్‌నగర్ సందులు ఎరిగినవారికి ఈ ప్రశ్న వెనుక ఉన్న బతుకు తెలుసు. గ్రూప్స్‌కూ సివిల్స్‌కూ శిక్షణ ఇచ్చే కేంద్రాలు, వాటిని ఆనుకుని హాస్టళ్ళు, మెస్సులు, జిరాక్సు కొట్లు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఉదయం నుంచి రాత్రి దాకా తల ఎత్తకుండా చదివే పిల్లలు. అటు నారాయణగూడ దాకా ఏ ఇరుకు గదిలో చూసినా పాలమూరు నుంచో, ఆదిలాబాద్ నుంచో, కర్నూలు నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చినవారే. పుట్టిన ఇల్లు వదిలి, సొంత ఇల్లు ఇంకా ఏర్పడక, ఆ రెండింటి నడుమ ఐదారేళ్ళు గడిపేస్తున్న తరం అది.

అతని ప్రశ్నకు ఫిఖహ్‌లో జవాబు సులువే. మన హనఫీ పండితుల ప్రకారం సుమారు 48 మైళ్ళు, అంటే 77 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణానికి బయలుదేరినవాడు ముసాఫిర్. అతను నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేసుకుంటాడు. అయితే ఒక ఊరిలో పదిహేను రోజులు, అంతకు మించి ఉండాలని నియ్యత్ (సంకల్పం) చేసుకున్న క్షణం నుంచి అతను అక్కడ ముఖీమ్ (నివాసి). నమాజు పూర్తిగా చేయాలి. ఇతర మజ్‌హబ్‌లలో ఈ గడువు ఇంకా తక్కువ.

“నాలుగేళ్ళుగా అద్దె కడుతున్నావు. నువ్వు ముఖీమ్‌వే. ఇందులో సందేహం ఏముంది?” అన్నాను.

అతను ఈ జవాబు కోసమే ఎదురుచూస్తున్నాడని నాకు అప్పుడు తెలియదు.

“అల్లాహ్ దగ్గర పదిహేను రోజులకే నేను ఈ ఊరివాణ్ణి. ప్రభుత్వం దగ్గర నాలుగేళ్ళయినా కాదు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా రాష్ట్రం రెండయింది. నన్నెవరూ అడగలేదు. మా ఊరివాడు ఒకాయన తెలిసినవాళ్ళున్నారన్నాడు. ఇక్కడి బడిలో చదివినట్టు స్టడీ సర్టిఫికెట్ ఇప్పిస్తారట. షరీఅత్ ప్రకారం నేను ఎలాగూ ఇక్కడివాణ్ణే కదా, అది అబద్ధం ఎలా అవుతుంది మౌలానా?”

అసలు మసలా ఇది.

ప్రియ పాఠకులారా! ఆ యువకుడి బాధను తేలిగ్గా కొట్టిపారేయకండి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. పదేళ్ళు ఉమ్మడి రాజధానిగా ఉన్న హైదరాబాద్, 2024 జూన్ 2తో ఒక్క తెలంగాణకే రాజధాని అయింది. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఇక్కడి ప్రత్యక్ష నియామకాల్లో 95 శాతం స్థానికులవి. మిగిలిన 5 శాతం అందరూ పోటీ పడగలిగేవి. ప్రధానంగా ఏడో తరగతి లోపు బడి చదువు ఎక్కడ సాగిందన్నదే స్థానికతకు కొలమానం. పరీక్షల సంగతి చూస్తే, 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు గ్రూప్-1 ప్రకటన వచ్చింది. అక్టోబరు 16న జరిగిన ప్రిలిమ్స్, ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడ్డాక 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్ళీ పెట్టారు. అదీ హైకోర్టులో రద్దయింది. 563 పోస్టులతో కొత్త ప్రకటన వచ్చి, 2024 జూన్ 9న మరోసారి ప్రిలిమ్స్ జరిగింది. ఒకే మెట్టును మూడుసార్లు ఎక్కిన పిల్లలు వీళ్ళు. ఎవరో చేసిన మోసానికి వీళ్ళ వయసు ఖర్చయింది. ‘లోకమంతా మోసం చేస్తుంటే నేనొక్కణ్ణే నిజాయితీగా ఉండాలా?’ అనే మాట మనసులో మెదలడం సహజం.

అయినా జవాబు మారదు. ఎందుకో ఆలోచిద్దాం.

మొదటిది. నియ్యత్ వేరు, సాక్ష్యం వేరు. ‘నేనిక్కడ ఉండదలిచాను’ అనేది నియ్యత్. అది రాబోయే కాలానికి సంబంధించినది, దాసుడికీ ప్రభువుకూ మధ్య ఉన్నది. ‘నేనిక్కడి బడిలో చదివాను’ అనేది షహాదత్ (సాక్ష్యం). అది జరిగిపోయిన దానికి సంబంధించినది. నియ్యత్ ఎంత గట్టిదైనా గతాన్ని మార్చలేదు. బహుదైవారాధన, తల్లిదండ్రుల పట్ల అవిధేయత వంటి ఘోర పాపాల వరుసలోనే దైవప్రవక్త (సఅసం) అబద్ధపు సాక్ష్యాన్నీ చేర్చారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆనుకుని ఉన్న ఆయన లేచి కూర్చుని, పదే పదే హెచ్చరించారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి.

రెండవది. ఆ కాగితం గాలిలోంచి ఉద్యోగాన్ని పుట్టించదు, ఒకరి చేతిలోంచి లాక్కుంటుంది. ఆ ఒకరు ఎవరు? లైబ్రరీలో నీ పక్క కుర్చీలో కూర్చునే గద్వాల పిల్లవాడు కావచ్చు. అతని తల్లి కూడా నీ తల్లిలాగే నెలనెలా డబ్బు కూడబెట్టి పంపుతూ ఉండవచ్చు. చట్టం నీకు అన్యాయం చేసిందని నీకు అనిపిస్తే, దానిపై మాట్లాడే హక్కు, న్యాయస్థానానికి వెళ్ళే హక్కు నీకున్నాయి. ఆ పిల్లవాడి భాగం తినే హక్కు మాత్రం లేదు.

మూడవది. ‘అధికారి ముద్ర వేశాక అది చెల్లినట్టే కదా’ అని షైతాన్ చెవిలో చెబుతాడు. తన వద్దకు వచ్చే వాదుల్లో ఒకరు మాటకారి కావచ్చని, ఆ మాటలను బట్టి పొరపాటున మరొకరి హక్కును అతనికి ఇప్పిస్తే అది అతనికి అగ్నిఖండమేనని ప్రవక్త మహనీయులు (సఅసం) హెచ్చరించారు (బుఖారి). సాక్షాత్తూ ప్రవక్త తీర్పు సైతం పరుల హక్కును హలాల్ చేయలేనప్పుడు, ఒక కార్యాలయం ముద్ర ఏపాటిది? విశ్వాసులు తమకే వ్యతిరేకంగానైనా న్యాయం పక్షాన సాక్ష్యమివ్వాలని దివ్య ఖుర్ఆన్ (4:135) ఆదేశిస్తోంది.

నేను ఇవన్నీ చెప్పాను. అతను కాదనలేదు. కానీ ముఖం తేలికపడలేదు. “అయితే నేను ఎక్కడివాణ్ణి?” అన్నాడు. “ఊరెళ్తే హైదరాబాద్‌వాడు వచ్చాడంటారు. ఇక్కడ నా ఉర్దూ యాస విని కర్నూలా అంటారు.”

అప్పుడు ఫిఖహ్‌లోని మరో సంగతి గుర్తుకొచ్చింది. ఒక ప్రయాణికుడు ఊరిలో ఆగాడు. ‘రేపు వెళ్తాను, ఎల్లుండి వెళ్తాను’ అనుకుంటూ పదిహేను రోజుల నియ్యత్ చేసుకోకుండానే రోజులు గడిపేశాడు. హనఫీ పండితుల ప్రకారం అలా ఏళ్ళు గడిచినా అతను ముసాఫిరే. ఊరు కదలకపోయినా అతని మనసు ఇంకా దారి మీదే ఉంది కాబట్టి.

“తమ్ముడూ, నీ నమాజు ముఖీమ్‌దే. కానీ నీ నడవడి ఎవరిది? నీ రూమ్మేట్ తండ్రి ఏం చేస్తారు? మెస్సులో రోజూ వడ్డించే అతని పేరేమిటి? నీ పక్క గదిలో ఎవరుంటారు?” అని అడిగాను.

అతను తల దించుకున్నాడు. “రూమ్మేట్‌కు మొన్న మూడు రోజులు జ్వరం, మౌలానా. నాకు టెస్ట్ ఉందని లైబ్రరీకి వెళ్ళిపోయాను” అన్నాడు.

అతణ్ణి నిందించే అర్హత నాకు లేదు. నేను చదువుకునే రోజుల్లో మూడేళ్ళు నా పక్కనే చాప పరచుకున్న సహాధ్యాయి ఊరి పేరు, అతను చదువు మానేసి వెళ్ళిపోయాకే తెలుసుకున్నాను. ‘ఇది మన ఊరు కాదు, నాలుగు రోజుల మజిలీ’ అనుకున్నవాడికి ఎవరికీ ఏమీ బాకీ లేనట్టే అనిపిస్తుంది. ‘ఉద్యోగం రానీ, అప్పుడు మనిషిలా బతుకుతాను’ అని మనిషితనాన్ని వాయిదా వేస్తాడు. పరీక్ష మూడుసార్లు రద్దయితే మనిషితనం కూడా మూడుసార్లు వాయిదా పడుతుంది. ఈ కొత్త ఊరి జీవితంలోని పెద్ద ప్రమాదం అదే.

దివ్య ఖుర్ఆన్ (4:36) తల్లిదండ్రులతో, బంధువులతో, అనాథలతో, పేదలతో పాటు ముగ్గురిని ప్రత్యేకంగా పేర్కొంది: బంధువైన పొరుగువాడు, పరాయివాడైన పొరుగువాడు, పక్కనుండే సహచరుడు. ఈ మూడో మాటలోకి ప్రయాణంలో తోడున్నవాడు, పనిలో, చదువులో పక్కన ఉండేవాడు కూడా వస్తారని వ్యాఖ్యాతలు వివరించారు. అశోక్‌నగర్ గదిలో పక్క మంచం మీద పడుకునేవాడు ఇతడు కాక మరెవరు? అతనిది ఏ మతమో ఖుర్ఆన్ అడగలేదు, ఎన్నాళ్ళు పక్కన ఉంటాడనీ అడగలేదు. లైబ్రరీలో కుర్చీ మీద సంచి పెట్టి గంటల తరబడి బయట టీ తాగడం, ఖాళీ చేసేటప్పుడు మెస్సు బాకీ ఎగ్గొట్టడం, గది చెత్తను మెట్ల మీద వదలడం కూడా ‘నేను ఇక్కడివాణ్ణి కాను’ అనుకునే మనసు చేసే చిన్న చిన్న దౌర్జన్యాలే.

మదీనాకు హిజ్రత్ చేసిన సహాబీలను చూడండి. క్రీ.శ. 622లో మక్కా వదిలి వచ్చినవారు కొత్త ఊరి గాలి పడక జ్వరాలపాలయ్యారు. హజ్రత్ బిలాల్ (రజి) మక్కా లోయలను, అక్కడి గడ్డిని, కొండలను తలచుకుని పరితపించారు. ప్రవక్త (సఅసం) ఆ బెంగను తప్పు పట్టలేదు. మదీనాను కూడా మక్కా అంతగా, అంతకంటే ఎక్కువగా తమకు ప్రియమైనదిగా చేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు. పాత ఊరిని మరిచిపోయేలా చేయమని ఆయన అడగలేదు.

ఫిఖహ్ చెప్పేదీ అదే. పుట్టి పెరిగిన, కుటుంబం ఉన్న ఊరు వతనె అస్లీ. పనిమీద ఉంటున్న ఊరు వతనె ఇఖామత్. రెండోది మొదటిదాన్ని రద్దు చేయదు. కర్నూలు జిల్లాలోని తన ఊరు చేరగానే, ఒక్కరోజుకే వెళ్ళినా, ఆ యువకుడు పూర్తి నమాజే చేయాలి. అంటే షరీఅత్ అతనికి రెండు ఊళ్ళనూ ఇచ్చింది. రెండు చోట్లా పరాయివాణ్ణని అనుకోవడం అతని మనసు చేసుకున్న తీర్పే.

అదే మదీనాలో అన్సారీ అయిన సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానంటే, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) దీవించి, బజారు ఎటువైపో చూపమన్నారు. జున్ను, నెయ్యి వ్యాపారంతో మొదలుపెట్టారు. ప్రేమతో ఇస్తానన్న దానినే ఆయన తీసుకోలేదు. మనం ఇవ్వని దానిని దొంగ కాగితంతో తీసుకోవచ్చా? ఆ ఊరు ఆయనకు సొంతమైంది చెమటతో, మనుషులతో కలసిన అనుబంధంతో.

ఈ ఉదంతంలో సఅద్ (రజి)ని మరచిపోతే మనకు సగం పాఠమే మిగులుతుంది. చిక్కడపల్లి, ముషీరాబాద్, నారాయణగూడ ప్రాంతాల్లో స్థిరపడ్డ కుటుంబాలవారు తమను తాము ప్రశ్నించుకోవాలి. మన మసీదులో చివరి సఫ్‌లో నిలబడి మౌనంగా వెళ్ళిపోయే కుర్రవాణ్ణి ఎప్పుడైనా పేరు అడిగామా? పండుగనాడు ఊరెళ్ళలేకపోయినవాడికి ఒక పూట అన్నం పెట్టామా? గది ఇచ్చేటప్పుడు ‘బ్యాచిలర్లకు లేదు’ అని తలుపు వేయడం తప్ప ఇంకేమైనా చేశామా? ముహాజిర్లను ప్రేమించి, తమకు లేకున్నా వారికి పెట్టిన అన్సార్లను అల్లాహ్ (59:9) ప్రశంసించాడు.

ఇక ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులకు ఒక్క మాట. ఫోను ఎత్తగానే ‘ఉద్యోగం ఏమైంది’ అని కాక ‘తిన్నావా’ అని అడగండి. ఫలితం గురించి నిజం చెప్పడానికి భయపడ్డ బిడ్డే, చివరికి దొంగ కాగితం దాకా వెళ్తాడు.

ఆ రాత్రి మసీదు తలుపు వేశాక ఇద్దరం కాస్త దూరం కలిసి నడిచాం. “మా నాన్న పొలం మీద అప్పు చేసి డబ్బు పంపారు మౌలానా. సర్టిఫికెట్ కోసమని ఆయనకు తెలియదు. రేపు తిరిగి పంపేస్తాను. ఏం చెప్పాలో తెలియడం లేదు” అన్నాడు.

“జరిగింది జరిగినట్టు చెప్పు” అన్నాను.

అతను సందు మలుపులో ఆగి, తెరిచి ఉన్న ఒక కొట్లో రెండు బత్తాయిలు కొన్నాడు. “రూమ్మేట్‌కు” అని, సలాం చెప్పి వెళ్ళిపోయాడు. అతనికి ఉద్యోగం వస్తుందో లేదో అల్లాహ్‌కే ఎరుక. కానీ ఆ రాత్రి అతను అశోక్‌నగర్‌లో ముఖీమ్ అయ్యాడని నా నమ్మకం.

ఓ అల్లాహ్! ఇల్లు వదిలి వచ్చిన మా పిల్లలకు హలాల్ ఉపాధిని, సత్యం పలికే నాలుకను, పక్కవాడి బాధ కనిపించే చూపును ప్రసాదించు. వారు అడుగుపెట్టిన ఊరిని వారికీ, వారిని ఆ ఊరికీ ప్రియమైనవారిగా చెయ్యి. ఆమీన్.