పని పోయిన గృహనిర్వాహకుడు

ధ్యాన భాగములు: లూకా 14:28-30, లూకా 16:1-8



వరంగల్ రోడ్డు మీద బస్సెక్కిన మన పిల్లలు దిగునది ఉప్పల్‌లో. ఆ ప్రక్కనే చిల్కానగర్, ఆ పైని నాచారము. కార్ఖానాలు, గోదాములు, ఆఫీసులు దగ్గర, అద్దెగదులు దొరకును. గనుక మన సంఘములోని ఇంచుమించు ప్రతి వీధి నుండియు ఒకరో ఇద్దరో అక్కడ ఉన్నారు.

అటువంటి యౌవనుడొకడు గత నెల ఒక శనివారము రాత్రి నా యొద్దకు వచ్చెను. పేరు వ్రాయను. ఆరేండ్లు ఒక గోదాములో సరకు లెక్కలు వ్రాసినవాడు. పనిలో నుండి తీసివేసి మూడు మాసములైనను ఇంటిలో చెప్పలేదు. ప్రతి ఉదయము టిఫిను డబ్బా పట్టుకొని గది విడిచి, ఉప్పల్ చౌరస్తాలోని స్కైవాక్ మీద ప్రొద్దు పుచ్చి, సాయంత్రము మరల గది చేరుచుండెనట. "అయ్యగారూ, ఎం.బి.ఎ. చదువుదామనుకొనుచున్నాను. అరయెకరము అమ్ముమని మా నాయనతో మీరు చెప్పాలె. మీరు చెప్పితే వింటడు" అనెను.

నేను వెంటనే జవాబియ్యలేదు. కారణము చెప్పుచున్నాను. కొన్ని సంవత్సరముల క్రిందట మరియొక బిడ్డ విషయములో, చదువువలన నష్టము ఎన్నడును ఉండదని ఈ బోధపీఠము మీద నుండియే పలికితిని. ఆ తల్లి పుస్తెలతాడు తాకట్టు పెట్టి ఫీజు కట్టెను. ఆ కళాశాలకు ఉద్యోగములిచ్చు కంపెనీ ఒక్కటియు రాలేదు. ఆ బిడ్డ నేడు చేయుచున్న పనికి ఇంటరు చదువు చాలును. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆదివారము మూడవ వరుసలో కూర్చుండును, మెడలో దారము మాత్రమే. ఆ వరుస వైపు చూచి ప్రసంగించుట నాకు సులభము కాదు.

పని పోవుట పాపము కాదు, సోమరితనమునకు శిక్షయు కాదు. 2025 జూలైలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వారు తమ ఉద్యోగులలో నూటికి ఇద్దరిని, అనగా 12,000 మందికి పైగా, తగ్గింతుమని ప్రకటించిరి. వారిలో మనకంటె పెద్ద చదువులు చదివినవారెందరో. మత్తయి 20లో సంతవీధిని సాయంత్రము వరకు నిలిచిన కూలివారు తమ్మునెవరును పిలువలేదని చెప్పినప్పుడు యజమానుడు వారిని గద్దింపలేదు, తోటలోనికి పంపెను. కాబట్టి ఆ డబ్బా మోసికొని తిరుగుట నిమిత్తములేని బరువు. ముందు నాయనకు చెప్పుమంటిని.

ఇక లూకా 16 చూడుడి. గృహనిర్వాహకునికి పని పోవుచున్నది. అతడు తనలో తాను మాటలాడుకొనెను: మట్టి త్రవ్వుటకు బలము లేదు, బిచ్చమెత్తుటకు ముఖము చెల్లదు. తరువాత చేసిన మోసమును ప్రభువు మెచ్చలేదు, దానిని మనము కప్పిపుచ్చనక్కరలేదు. మెచ్చదగినది వాని ముందుచూపు. తన చేతిలో ఏమి మిగిలినదని చూచుకొనెను: పత్రములు వ్రాయు నేర్పు, బాకీదారుల పరిచయము. లూకా 14లోని గోపురము కట్టువాడు కూడ రాయి ఎత్తకముందే కూర్చుండవలసినవాడు.

మేమును కూర్చుంటిమి. చిన్నవాని జీతము నెలకు 22,000. పగటి కళాశాలలో రెండేండ్లు చదివినయెడల పోవు జీతమే 5,28,000. ఫీజు, గది అద్దె వేరు. ఫీజు రీయింబర్సుమెంటు ఉన్నది గదా అనెను. ఉన్నది; గాని 2025 నవంబరులో ఆ బకాయిల కొరకే తెలంగాణలోని ప్రైవేటు కళాశాలలు మూసి నిరసన తెలిపిన సంగతి మరువరాదు.

రావలసిన సొమ్మును గూర్చి అడిగితిని. అతనికేమియు తెలియదు. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారము, ఏడాదికి తక్కువకాకుండ ఎడతెగక పనిచేసిన కార్మికుని ఉద్యోగుల తగ్గింపు వలన తీసివేయునప్పుడు ఒక నెల నోటీసైనను దాని జీతమైనను ఇయ్యవలెను. పనిచేసిన ప్రతి ఏటికి 15 దినముల వేతనము ఇయ్యవలెను. ఆరేండ్లకు 90 దినములు. క్రొత్త పని నేర్చుకొనుటకై మరి 15 దినముల వేతనము వేరొక నిధి నుండి రావలెను. తనను ఎగ్జిక్యూటివ్ అని పిలిచిరి గనుక ఇది వర్తింపదేమో అనెను. మేనేజరులకును, 18,000 దాటిన సూపర్‌వైజరులకును వర్తింపదు, నిజమే. అయితే చూడవలసినది పిలిచిన పేరు కాదు, చేసిన పని. పద్దులు వ్రాసినవాడు పద్దులు వ్రాసినవాడే. కార్మికశాఖ కార్యాలయములో అడుగుమని చెప్పితిని.

చదువు వద్దనలేదు. ఈ విద్య మనకు క్రొత్తదియు కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమునందు 1957లోనే మొదలైనది. పదిమందిని నడిపించుచు, ఆ కాగితము లేనందుననే పైమెట్టు ఎక్కలేక ఆగినవానికి అది మేలు చేయును. కంపెనీలు వచ్చి పిలుచుకొనిపోవు పేరుగల కళాశాలలో ప్రవేశము దొరికినవాడు అప్పు చేసినను తీర్చుకొనగలడు. ఐసెట్ వ్రాసి తన ర్యాంకునకు ఏ కళాశాల వచ్చునో చూడవలెను. అక్కడ గత ఏడు చదివినవారిని నలుగురిని వెదకి ఇప్పుడేమి చేయుచున్నారో అడుగవలెను. గోడమీది ప్రకటన చాలదు. నిరుద్యోగి అనిపించుకొనుటకు బదులు విద్యార్థి అనిపించుకొనవలెనని మాత్రమే చేరువాడు రెండేండ్ల తరువాత అదే స్కైవాక్ మీద నిలుచును, భూమి లేకుండ.

"నీకు ఏది కావాలె, చదువా, మర్యాదా?" అని అడిగితిని. చాలసేపు ఊరకుండెను. కన్నీళ్లు వచ్చినవి. "మర్యాదే, అయ్యగారూ" అనెను.

పని చేసికొనుచునే చదువు మార్గమును కూడ మాటలాడితిమి. 1982లో స్థాపింపబడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము దూరవిద్యలో ఎం.బి.ఎ. నేర్పుచున్నది. అంతలో, ఆరేండ్లు సరకు తెచ్చి దింపిన లారీ ఏజెంట్లు, వ్యాపారులు ఎందరు నీకు తెలుసునని అడుగగా, వ్రేళ్లమీద లెక్కించి పదునేడు పేర్లు చెప్పెను. వారిలో ఒక్కనినైనను పని అడుగలేదట, సిగ్గుచేత.

మరునాడు ఆరాధన తరువాత తండ్రిని పిలిచి, నా యెదుటనే చెప్పెను. ఆ పెద్దాయన చదువు రానివాడు. తల వంచుకొని విని, "మూడు నెల్లు ఒక్కడివే తిరిగినవా, బిడ్డా?" అని మాత్రము అడిగెను. పొలము మాట ఆయన ఎత్తలేదు, మేమును ఎత్తలేదు. సోమవారము తెల్లవారుజామున ఇద్దరును ఒకే బస్సులో ఉప్పల్‌కు వెళ్లిరి. చిన్నవాని చొక్కా జేబులో ఆ పదునేడు పేర్ల కాగితము ఉండెను. వారి కొరకు ప్రార్థింపుడి.