పాట పెట్టే ముందు మనసును చూడండి





ఈసారి ఒక చిన్న విషయం మాట్లాడుకుందాం. చిన్నదే గానీ రోజూ మన వెంటే ఉండే విషయం. మనం వినే పాట.

ఇవాళ ప్రతి ఇంట్లో ఫోను ఉంది. పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా ఏదో ఒక పాట చెవిన పడుతూనే ఉంటుంది. వంట చేస్తూ ఒకటి, ఆటో తోలుతూ ఒకటి, బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒకటి. ఒకసారి గమనించండి. హుషారుగా పనికి బయల్దేరిన రోజు మీ వేలు ఏ పాట మీదికి పోతుంది? అద్దె ఇల్లు చూడ్డానికి పోతే, ఇల్లంతా చూపించి చివర్లో "మీరేమిట్లు?" అని అడిగి తలుపేసుకున్న రోజు సాయంత్రం ఏ పాట మీదికి పోతుంది? చెవి అదే, ఫోను అదే, అందులో ఉన్న వేల పాటలూ అవే. మారింది మనసు. ఆ పాటను ఏరింది మనమే అనుకుంటాం. నిజానికి చాలాసార్లు మన దిగులు ఏరుతుంది, మన కోపం ఏరుతుంది, మన కోరిక ఏరుతుంది. మనం మీట నొక్కుతాం, అంతే.

అందులో తప్పేముంది, పాటే కదా అంటారేమో. తప్పొప్పుల సంగతి తర్వాత. ముందు ధమ్మం ఏం చెబుతోందో చూద్దాం.

చెవి, శబ్దం, మనసు

చెవి ఉంది, శబ్దం ఉంది. రెండూ కలిసి, వాటితో ఎరుక కలిసినప్పుడు స్పర్శ పుడుతుంది. స్పర్శ నుంచి వేదన పుడుతుంది. తెలుగులో వేదన అంటే బాధ అనుకుంటాం. ధమ్మంలో ఆ మాటకు అర్థం పెద్దది. సుఖమైన అనుభూతీ వేదనే, దుఃఖమైనదీ వేదనే, ఆ రెండూ కానిదీ వేదనే. వేదన నుంచి తృష్ణ పుడుతుంది. ఇంకా కావాలి, మళ్లీ కావాలి అనే దాహం అది. ఒకే పాటను వరసగా పదిసార్లు పెట్టుకున్న ప్రతివాళ్లకూ తృష్ణ అంటే ఏమిటో వేరే పాఠం అక్కర్లేదు.

ఇదంతా ఖాళీ కుండలో జరగదు. పాట వచ్చేసరికే మనసులో ఏదో ఒకటి ఉంటుంది. ఉన్నదాన్ని పాట వచ్చి పెంచుతుంది. ఈ మాట బుద్ధుడే స్వయంగా ఒక కళాకారుడికి చెప్పాడు.

తాలపుటుడి కన్నీళ్లు

సంయుత్త నికాయంలో ఉన్న కథ ఇది. రాజగృహంలో తాలపుటుడనే నాటక బృందం నాయకుడు ఉండేవాడు. ఒకరోజు వేణువనానికి వచ్చి బుద్ధుణ్ని అడిగాడు: "రంగస్థలం మీద జనాన్ని నవ్వించి, ఆనందింపజేసే నటుడు చనిపోయాక నవ్వుల దేవతల లోకానికి పోతాడని మా పూర్వ గురువులు చెప్పేవారు. మీరేమంటారు?" బుద్ధుడు "ఆ ప్రశ్న వదిలెయ్యి, అడగొద్దు" అన్నాడు. రెండోసారి అడిగినా అదే మాట. మూడోసారీ అడిగేసరికి చెప్పక తప్పలేదు.

బుద్ధుడు చెప్పిన దాని సారాంశం ఇది. జనంలో రాగం ముందే ఉంది, వాళ్లు దానికి కట్టుబడి ఉన్నారు. నటుడు ఆ రాగాన్ని ఇంకా పెంచే వాటినే వాళ్ల ముందు పెడతాడు. జనంలో ద్వేషం ముందే ఉంది, దాన్ని పెంచేవే పెడతాడు. మోహం ముందే ఉంది, దాన్ని పెంచేవే పెడతాడు. తాను మత్తులో ఉండి, ఎదుటివాళ్లనూ మత్తులో ముంచేవాడికి మంచి గతి ఎక్కడిది?

తాలపుటుడు ఏడ్చాడు. బుద్ధుడి మాటకు నొచ్చుకుని కాదు. ఇన్నాళ్లూ పాత గురువులు తనను మోసం చేశారే అని ఏడ్చాడు. తర్వాత సంఘంలో చేరి అర్హతుడయ్యాడు. థేరగాథల్లో ఆయన గాథలు ఉన్నాయి. తన మనసుతో తానే మాట్లాడుకున్న గాథలవి.

దేవలోకం, నరకం మాటలు పక్కన పెట్టి, బాబాసాహెబ్ నేర్పినట్టు బుద్ధితో ఆలోచించండి. ఇక్కడ అసలు కీలకం "ముందే ఉంది" అన్న మాటలో ఉంది. పాట మన లోపలికి కొత్త దిగులును తీసుకురాదు. ఉన్న దిగులుకు నూనె పోస్తుంది.

ఇవాళ మన జేబులో ఉన్నవాడు తాలపుటుడి కంటే ఘనుడు. తాలపుటుడికి ఎదురుగా వందల మంది ఉండేవారు, ఒక్కొక్కరి మనసు ఆయనకు తెలియదు. ఫోనుకు తెలుసు. మీరు ఒక విరహ గీతం పూర్తిగా విన్నారంటే, దాని వెనకే అలాంటిదే ఇంకోటి తనంతట తానే వస్తుంది. మీరు అడగరు, అదీ ఆపదు. హాస్టల్ గదిలో దుప్పటి కప్పుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న పిల్లవాడికి తెల్లవారుజాము దాకా ఏడుపు పాటలే అందుతాయి. అంతసేపూ వాడి పక్క మంచం మీది స్నేహితుడికి ఆ సంగతే తెలియదు.

ధమ్మం పాటను కాదంటుందా?

అనదు. గృహస్థులమైన మనం తీసుకునే పంచశీలలో పాట వినకూడదన్న నియమం లేదు. ఉపోసథ రోజున అష్టశీల పాటించేవాళ్లు ఆ ఒక్క రోజుకు ఆటపాటలకు దూరంగా ఉంటారు. అది మనసును గమనించుకోవడానికి ఇచ్చిన విరామం. మన అమరావతి శిల్పాలు చూడండి. విల్లు ఆకారపు వీణలు, మద్దెలలు పట్టుకున్నవాళ్లు అందులో కనిపిస్తారు. బుద్ధుణ్ని గౌరవించిన ఆ చేతులే వాద్యాన్నీ చెక్కాయి. బాబాసాహెబ్ కూడా పెద్ద వయసులో ముచ్చటపడి వయొలిన్ నేర్చుకున్నారు.

బుద్ధుడు ధ్యానం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు వీణనే ఉదాహరణగా తీసుకున్నాడు. సోణుడనే భిక్షువు అతిగా శ్రమించి, అలసిపోయి, ఇంటికి తిరిగి పోదామనుకున్నాడు. ఇంట్లో ఉన్నప్పుడు అతను వీణ బాగా వాయించేవాడు. తీగ మరీ బిగిస్తే పలుకుతుందా, మరీ వదులైతే పలుకుతుందా అని అడిగాడు బుద్ధుడు. రెండూ కాదు, సరిగ్గా శ్రుతి చేస్తేనే అన్నాడు సోణుడు. మనసూ అంతే.

ఎంచుకునే హక్కు ఎక్కణ్నుంచి వచ్చింది?

మనవాళ్లకు ఈ విషయం ఇంకో రకంగా కూడా ముఖ్యం. మన తాతలు డప్పు కొట్టారు. పెళ్లి దరువు వేరు, చావు దరువు వేరు, జాతర దరువు వేరు. ఊళ్లో పెద్దింట్లో పెళ్లయితే ఆ ఇంటి సంతోషానికి కొట్టాలి. ఆ ఇంట్లో చావైతే ఆ ఇంటి దుఃఖానికి కొట్టాలి. కొట్టేవాడి ఇంట్లో ఆ రోజు బిడ్డకు జ్వరమో, పొయ్యిలో పిల్లి లేవలేదో ఎవరికీ పట్టదు. తరతరాలుగా మన చేతులు ఎదుటివాడి మనసుకు తగిన దరువు వేశాయి. మన మనసుకు ఏం కావాలో అడిగినవాడు లేడు.

అలాంటి ఇంట పుట్టిన మనం ఇవాళ నాకు ఈ పాట కావాలి అని ఎంచుకుంటున్నాం. ఇది ఊరికే వచ్చింది కాదు. ఇంత కష్టపడి దక్కించుకున్న ఎంపికను మళ్లీ ఒక యంత్రం చేతిలోనో, ఒక పూట కోపం చేతిలోనో పెట్టేస్తామా?

నిప్పు, గడ్డి

మరి ఎలా ఎంచుకోవాలి? సంయుత్త నికాయంలోనే అగ్ని సుత్తం ఉంది. చిన్న నిప్పు ఆరిపోబోతోంది. దాన్ని రాజేయాలి. తడి గడ్డి, తడి పేడ, తడి పుల్లలు వేసి పైన దుమ్ము చల్లితే రాజుకుంటుందా? రాజుకోదు. పొడి గడ్డి, పొడి పుల్లలు వేసి ఊదాలి. పెద్ద మంట లేచింది. దాన్ని ఆర్పాలి. అప్పుడు పొడి గడ్డి వేస్తే ఆరుతుందా? తడివి కావాలి.

మనసు కుంగినప్పుడు ధమ్మ విచారణ, వీర్యం, ప్రీతి పెంచుకోవాలి. మనసు ఎగిరెగిరి పడుతున్నప్పుడు ప్రశాంతత, సమాధి, ఉపేక్ష పెంచుకోవాలి. స్మృతి, అంటే ఎరుక, మాత్రం అన్ని వేళలా పనికొస్తుంది అన్నాడు బుద్ధుడు.

దీన్ని పాటకు అన్వయించుకుందాం. దిగులుగా ఉన్నప్పుడు ఒక దుఃఖ గీతం వింటే ఎవరో మన బాధ ఎరిగినవాళ్లు పక్కన కూర్చున్నట్టుంటుంది. కళ్లనీళ్లు వస్తాయి, గుండె కొంచెం తేలికపడుతుంది. మంచిదే, వినండి. అయితే పాట అయిపోయాక ఒక్క నిమిషం ఫోను ఆపి చూసుకోండి. తేలికపడ్డానా, ఇంకా బరువెక్కానా? తేలికపడితే ఆ పాట మందు. బరువెక్కితే ఆరే నిప్పు మీద తడి గడ్డి. రెండో పాట పెట్టకండి. లేచి మొహం కడుక్కోండి, బయటికి రండి, ఒక మనిషితో మాట్లాడండి. రోజుల తరబడి నిద్ర పట్టక, తిండి సయించక, బతకాలనిపించకపోతే అది పాటతో తీరేది కాదు, ధ్యానం ఒక్కదానితో తీరేదీ కాదు. డాక్టరు దగ్గరికి పోవాలి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయొచ్చు. సాయం అడగడంలో చిన్నతనం లేదు. బుద్ధుడు రోగం ఉందని ఒప్పుకోవడంతోనే మొదలుపెట్టాడు.

ఇక కోపం. ఇది మన ఉద్యమానికి సంబంధించిన మాట, కాబట్టి జాగ్రత్తగా చెప్పాలి. 1985 లో కారంచేడు, 1991 లో చుండూరు. ఆ నెత్తుటి నుంచి మన పాట లేచింది. కారంచేడు మీద గద్దర్ పాట విని వేలమంది తలెత్తారు. శతాబ్దాల భయంతో గడ్డకట్టిన మనసుకు ఆ పాట పొడి గడ్డి. అది కావాలి. మనవాళ్లలో చాలామందికి ధమ్మం దాకా దారి చూపింది కూడా ఆ పాటే. కానీ ఇప్పటికే మండుతున్న మనసుతో, ఇంట్లో ఒంటరిగా, రాత్రి పన్నెండింటికి అదే పాట ఆపకుండా వింటుంటే ఏమవుతుంది? ఆ మంట అన్యాయం చేసినవాడి దాకా పోదు. పక్కనున్న భార్య మీద, పిల్లల మీద, మన సంఘంలోనే వేరే మాట అన్న తోటివాడి మీద పడుతుంది. పాట విన్నాక రేపటి సభకు పోవాలనిపించిందా, అర్జీ రాయాలనిపించిందా, పిల్లను చదివించాలనిపించిందా? అయితే అది వీర్యం. ఎవర్నో ఒకర్ని కొట్టాలనిపించిందా? అయితే అది ద్వేషం. పాట ఒకటే, తేడా దాన్ని అందుకున్న మనసులో ఉంది.

పాత పాట పిలిచినప్పుడు

ఇంకో సంగతి ఉపాసికలు చాలామంది మెల్లగా అడుగుతుంటారు. ఇరవై రెండు ప్రతిజ్ఞలు తీసుకున్నాం, దేవుళ్ల పటాలు తీసేశాం, కానీ పిల్లవాడికి ఒళ్లు బాగాలేనప్పుడు చిన్ననాటి భజన పాటే నోట్లోకి వస్తుంది, ఇది పాపమా అని.

అమ్మలారా, పాపం అని భయపడకండి. భయం కూడా ఒక వేదనే. దాన్నీ చూడండి. ఆ వేళ మనసు ఏం వెతుక్కుంటోంది? ఆ దేవుణ్నా, ఆ పాట పాడిన మీ అమ్మ ఒడినా? ఎక్కువసార్లు ఒడినే. అది తెలిసిన రోజు ఆ పాట పట్టు దానంతటదే సడలుతుంది. ఆ చోటు ఖాళీగా మాత్రం ఉంచకండి. పిల్లల తల దగ్గర త్రిశరణం మెల్లగా పాడండి. మెత్త సుత్తం, మంగళ సుత్తం ఇంట్లో వినిపించండి. రేపు వాళ్లకు ఒళ్లు బాగాలేని రోజున నోట్లోకి వచ్చేది అదే అవుతుంది.

ఆ చివరి రాత్రి

1956 డిసెంబర్ 5. నాగపూర్‌లో దీక్ష తీసుకుని రెండు నెలలు కూడా నిండలేదు. ఢిల్లీ, అలీపూర్ రోడ్డులోని 26 నంబరు ఇల్లు. బాబాసాహెబ్ ఒంట్లో శక్తి లేదు. మధుమేహం, కాళ్ల నొప్పులు. ఉద్యమం ఏమవుతుందోనన్న దిగులు ఆ ఏడాదంతా ఆయన్ను తొలుస్తూనే ఉంది. ఆ రాత్రి ఆయన ఏం విన్నారో కార్యదర్శి నానక్ చంద్ రత్తు చెప్పగా మనకు తెలుసు. కళ్లు మూసుకుని త్రిశరణం కూనిరాగం తీశారు. ఆ రికార్డు పెట్టమని రత్తుకు చెప్పి, దానితో పాటు తానూ పాడుకున్నారు. తర్వాత కబీరు పాట ఒకటి కూనిరాగం తీశారు. తండ్రి రామ్‌జీ కబీరు పంథీయుడు. ఆయనకూ చిన్ననాటి ఇల్లు గుర్తొచ్చి ఉండొచ్చు. ఆ తర్వాత 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథానికి రాసిన ముందుమాట కాగితాలు తెప్పించుకున్నారు. తెల్లవారేసరికి ఆయన లేరు.

అంత అలసటలో, అంత దిగులులో ఉన్న మనిషి ఎంచుకున్న పాట ఆయన్ను మళ్లీ పని దగ్గరికి నడిపించింది. పాటను కొలవడానికి ఇంతకంటే మంచి కొలత మనకు అక్కర్లేదు.

ఈ వారం ఒక్క పని చేయండి. పాట పెట్టే ముందు మూడు శ్వాసలు గమనించండి. దిగులుంటే "దిగులుంది" అనుకోండి, కోపముంటే "కోపముంది" అనుకోండి. దాన్ని తరమక్కర్లేదు, చూస్తే చాలు. సతిపట్ఠానంలో చిత్తాన్ని గమనించమని చెప్పింది ఇదే. తర్వాత పాట ఎంచుకోండి. పాట తనంతట తాను మారే ఏర్పాటును ఫోనులో ఆపేయండి. ఆదివారం విహారంలో కలిసినప్పుడు ఏం గమనించారో ఒకరికొకరు చెప్పుకోండి. ఇంట్లో ఎదిగిన పిల్లలుంటే, "ఏం పాటలురా అవి?" అని కసరకండి. ఒక ఇయర్‌ఫోన్ అడిగి తీసుకుని, పక్కన కూర్చుని మీరూ వినండి. వాళ్ల మనసు ఎలా ఉందో నోటితో చెప్పని మాట ఆ పాట చెబుతుంది.

భవతు సబ్బ మంగళం.
జై భీమ్! నమో బుద్ధాయ!