సమాధి దక్కని శవం: బొహోల్ దీవిలో విధేయతకు ఎదురైన ప్రశ్న

ఫిలిప్పీన్స్ నడిమధ్యన ఉన్న విసాయా దీవుల్లో బొహోల్ ఒకటి. సున్నపురాతి నేల, లోపలంతా గుట్టలు, తీరం వెంబడి ఊళ్లు. టగ్బిలారాన్ ముఖ్యపట్టణంగా ఇప్పుడది ఒక ప్రావిన్స్. స్పెయిన్ ఏలుబడి సాగిన మూడు శతాబ్దాల పైచిలుకు కాలంలో ఆ దేశంలో తిరుగుబాట్లకు కొదవ లేదు. వాటన్నిటిలోకి ఎక్కువకాలం నిలిచింది ఈ దీవిలో రేగినదే. 1744లో మొదలై 1829 దాకా సాగిన ఆ పోరుకు నిప్పు పెట్టింది ఒక శవానికి క్రైస్తవ సమాధి ఇవ్వనన్న ఒక గురువు మాట. బొహోల్ రాజకీయ చరిత్ర చదివేవారు అందువల్ల ఒక మత ప్రశ్నను దాటుకుని పోలేరు. పవిత్ర సంస్కారాలు జరిపించే అధికారం చేతిలో ఉన్నవారు ఆ సంస్కారాన్నే శిక్షగా మార్చినప్పుడు, వారి మాట వినవలసిన బాధ్యత విశ్వాసికి ఇంకా ఉంటుందా?

స్పెయిన్‌తో బొహోల్ సంబంధం మొదలైందే ఒక ప్రమాణంతో. 1565 మార్చిలో మిగెల్ లోపెస్ దె లెగాస్పి ఓడలు ఈ తీరానికి వచ్చినప్పుడు జనం భయపడి దూరంగా జరిగారు. రెండేళ్ల కిందటే పోర్చుగీసువారు, తెర్నాతె దీవివారు కలిసి వచ్చి ఊళ్లు దోచుకుపోయిన గాయం అప్పటికి మానలేదు. తాము పోర్చుగీసులం కామని లెగాస్పి నమ్మించుకోవలసి వచ్చింది. ఆ తరవాతే స్థానిక దాతు (పెద్ద) సికాతునా, లెగాస్పి తమ నెత్తురు కొన్ని చుక్కలు పానీయంలో కలిపి ఒకరిది ఒకరు తాగారు. ఆ ఆచారాన్ని అక్కడ సాందుగో అంటారు. విసాయా వారి లెక్కలో అది ఇద్దరిని రక్తబంధువులను చేసే క్రియ. దాన్ని తప్పినవాడు మనుషుల ముందే కాదు, ఆత్మల ముందూ దోషి. స్పెయిన్ అధికారులకు అది రాజుకు కొత్త ప్రజ దొరికిన సందర్భం. ఒకే క్రియలో ఒక పక్షం సోదరత్వాన్ని, మరో పక్షం లొంగుబాటును చూశాయి. మూడు శతాబ్దాల తరవాత మార్సెలో దెల్ పిలార్ వంటి సంస్కరణవాదులు దీన్ని సమానుల మధ్య ఒప్పందంగా చదివారు. 1896లో విప్లవకారుడు ఆంద్రెస్ బొనిఫాసియో తన వ్యాసంలో ఒక అడుగు ముందుకు వేశాడు. స్పెయిన్ ఆ ఒప్పందాన్ని నిలుపుకోలేదు కాబట్టి తమకూ బాధ్యత తీరిపోయిందన్నది ఆయన వాదం. 1744 తిరుగుబాటు నడిపిన డగోహోయ్ కథలోనూ ఇదే తర్కం కనిపిస్తుంది. అక్కడ ప్రమాణం మాత్రం రాజుతో కాదు, చర్చితో.

1596లో జెస్యూట్ గురువులు హువాన్ దె తోర్రెస్, గాబ్రియెల్ సాంచెస్ బక్లయాన్‌లో దిగారు. అక్కడినుంచి లోబోక్, ఇనబాంగా, హగ్నా వంటి చోట్లకు మఠాలు, బడులు వ్యాపించాయి. చెదురుమదురుగా ఉన్న ఇళ్లను గుడిగంట వినిపించేంత దగ్గరికి చేర్చడం అప్పటి పాలనా విధానం. విదేశీ సామ్రాజ్యంలో చర్చిని నడిపే హక్కును పోపు స్పెయిన్ రాజుకు అప్పగించాడు. గురువులను పంపేదీ, పోషించేదీ రాజే. దీవిలో స్పెయిన్ సైనికులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. కాబట్టి ఊరి జనానికి రాజ్యం అంటే ఆచరణలో గురువే. బాప్తిస్మం, పెళ్లి, సమాధి రాసే చేతులే పన్ను కట్టవలసిన వారి జాబితా చూసేవి, ఊరి బంట్రోతును ఎవరి మీదికో పంపేవి. ఒకే మనిషి ఆత్మకు వైద్యుడిగా, ఒంటికి అధికారిగా ఉన్నప్పుడు ఏ మాట ఏ హోదాలో చెబుతున్నాడో వినేవాడికి తెలియదు. చెప్పేవాడికీ ఎప్పుడూ తెలిసి ఉంటుందని అనుకోలేం.

ఇక మరణం సంగతి. క్రైస్తవం రాకముందు విసాయా జనం పోయినవారిని పోయారని వదిలిపెట్టలేదు. పూర్వీకుల ఆత్మలు ఉమలగాద్‌లై ఇంటినీ ప్రయాణాన్నీ కాపాడతాయని నమ్మేవారు. చెట్టు మొద్దును తొలిచిన పెట్టెలో శవాన్ని ఉంచి, వాడుకున్న వస్తువులు తోడుపెట్టి గుహల్లో చేర్చేవారు. అలాంటి పెట్టెలు బొహోల్ తూర్పు తీరాన ఆండా గుహల్లో దొరికాయి. రోగానికీ చావుకీ దివాతలనే దేవతలతో మాట్లాడి క్రియలు జరిపించేది బాబాయ్లాన్. వీరిలో ఆడవారే ఎక్కువ. జెస్యూట్లు వచ్చాక ఈ క్రియలను దయ్యపు పనులన్నారు, విగ్రహాలు తగలబెట్టించారు. చనిపోయినవారి పట్ల బతికినవారికి ఉండే బాధ్యతను మాత్రం వారు కొట్టివేయలేదు. దాన్ని తీర్చుకునే దారిని తమ గుడి వాకిలికి మళ్లించారు. పాత దారి మూసుకున్నాక మిగిలిన ఏకైక దారి క్రైస్తవ సమాధి. ఆ వాకిలి కూడా మూసేస్తే బంధువుకు వేరే గతి లేదు. 1744 నాటి కోపం ఎందుకంత లోతైనదో ఇక్కడ తెలుస్తుంది.

అంతకు ముందు 1621లో తంబ్లోత్ అనే బాబాయ్లాన్ నడిపిన తిరుగుబాటు వేరే తీరుది. ఫ్రాన్సిస్ జేవియర్‌కు ధన్యత ప్రకటించిన సందర్భంగా ఉత్సవాలు జరుగుతుండగా జెస్యూట్లు సెబూ వెళ్లారు. గురువులు లేని ఆ సమయంలో తంబ్లోత్ జనాన్ని కొండల్లోకి పిలిచాడు. దివాతలు తోడుంటారని, రాజుకు కప్పం, చర్చికి కానుక లేని జీవితం ఇస్తారని మాటిచ్చాడు. ఆరు ఊళ్లలో నాలుగు అతని వెంట నడిచాయి. లోబోక్, బక్లయాన్ మాత్రం కదలలేదు. సెబూ నుంచి హువాన్ దె అల్కరాసో యాభైమంది స్పెయిన్ వారితో, వెయ్యికి పైగా స్థానిక సైనికులతో వచ్చి 1622 మొదట్లో దాన్ని అణచాడు. తంబ్లోత్ వాదం సూటిగా ఉంది: కొత్త దేవుడు వద్దు, పాత దేవతలు చాలు. దానికి జవాబు చెప్పడం గురువులకు తేలికే. అతడు బయటివాడు, విగ్రహారాధకుడు.

ఫ్రాన్సిస్కో సెంద్రిహాస్‌ను అలా తోసిపారేయడం కుదరదు. డగోహోయ్‌గా పేరుపడ్డ ఇతడు ఇనబాంగా ప్రాంతంలో బరంగాయ్ పెద్ద, అంటే రాజు తరఫున పన్ను వసూలు చేసే మనిషి. బాప్తిస్మం పొందినవాడు. ఇతని సోదరుడు సాగరీనో ఊరి బంట్రోతు. ఇనబాంగా గురువు గాస్పార్ మోరాలెస్, మతాన్ని వదిలి కొండల్లోకి పారిపోయిన ఒకణ్ణి పట్టి తెమ్మని సాగరీనోను పంపాడు. పెనుగులాటలో సాగరీనో చనిపోయాడు. గురువు మాట మీద వెళ్లి చనిపోయినవాడికి ఆ గురువే సమాధి నిరాకరించాడు. ద్వంద్వయుద్ధంలో చచ్చినవాడికి చర్చి నేలలో చోటు లేదన్నది అతని కారణం. శవం మూడు రోజులు అలాగే పడి ఉండి కుళ్లిందని కథనాలు చెబుతాయి. ఆ కథనాలు చాలావరకు స్పెయిన్ వారి రాతల్లోవే. గురువుకు అనుకూలం కాని ఈ సంగతిని వారే రాసిపెట్టారంటే దాన్ని నమ్మడానికి అదొక బలమైన కారణం.

మోరాలెస్ చెప్పిన నియమం లేనిదేమీ కాదు. 1563 డిసెంబరులో ట్రెంట్ మహాసభ తన చివరి సమావేశంలో ద్వంద్వయుద్ధాన్ని నిషేధించింది. అందులో పాల్గొన్నవారిని వెలివేసింది, అక్కడే చనిపోయినవారికి శాశ్వతంగా చర్చి సమాధిని నిరాకరించింది. ఆ సభ ఉద్దేశించింది మాత్రం ఐరోపా కులీనుల పోట్లాటల గురించి: పరువు కోసం, ముందే రోజూ చోటూ ఖాయం చేసుకుని, సాక్షులను వెంటబెట్టుకుని కత్తులు దూసే ఆచారం. ఆజ్ఞ అమలు చేయబోయి దెబ్బతిన్న బంట్రోతు ఆ కోవలోకి ఎలా వస్తాడు? అక్షరాన్ని పట్టుకుని ఉద్దేశాన్ని వదిలేయడం చర్చి న్యాయశాస్త్రమే తప్పుబట్టిన పద్ధతి. నియమం మోరాలెస్‌ది కాకపోవచ్చు. దాన్ని సాగరీనోకు వర్తింపజేసిన నిర్ణయం మాత్రం అతనిదే.

ఇంకో చిక్కు ఉంది. అగస్టీను భక్తుడు సుమారు 421లో నోలా బిషప్ పౌలీనుకు జవాబుగా, చనిపోయినవారి పట్ల చూపవలసిన శ్రద్ధ గురించి ఒక చిన్న గ్రంథం రాశాడు. శవానికి చేసే మర్యాదలు చనిపోయినవారికి సాయం కన్నా బతికినవారికి ఓదార్పు అన్నది అతని తీర్పు. సమాధి దక్కని హతసాక్షులకు పునరుత్థానంలో లోటేమీ ఉండదు. ఆత్మకు మేలు చేసేది ప్రార్థన. ఈ బోధను నిజంగా పట్టించుకుంటే, సమాధి నిరాకరణ చనిపోయినవాణ్ణి శిక్షించలేదు. అతనికి తీర్పు చెప్పేది దేవుడు. శిక్ష పడేది ఏ తప్పూ చేయని తల్లికి, తోబుట్టువుకు. ఇతరులు భయపడి బుద్ధిగా ఉంటారన్నది చర్చి ఇచ్చే సమాధానం. అది రాజ్యం ఉరికొయ్య గురించి చెప్పే సమాధానమే. సంస్కారాన్ని బెదిరింపుగా వాడిన రోజున గురువు పోలీసు భాషలో మాట్లాడుతున్నట్టే. బొహోల్‌లో ఆ రెండు పనులూ ఒకే మనిషివి కాబట్టి ఆ తేడా ఎవరికీ కనపడలేదు, డగోహోయ్‌కి తప్ప.

డగోహోయ్ అడిగింది క్రైస్తవం వద్దని కాదు. తన సోదరుడికి క్రైస్తవుడికి దక్కవలసినది దక్కాలని. ఇది నమ్మినవాడి ఫిర్యాదు. అందువల్లే దీనికి జవాబు కష్టం. న్యాయం కాని ఆజ్ఞ మనస్సాక్షిని కట్టిపడేయదని థామస్ అక్వినాస్ 13వ శతాబ్దంలోనే రాశాడు. నిరంకుశుణ్ణి ఎదిరించడం రాజద్రోహం కాదని, ఎదిరింపు వల్ల పుట్టే అల్లకల్లోలం అంతకన్నా చేటు కాకూడదని కూడా చెప్పాడు. స్పెయిన్ జెస్యూట్ హువాన్ దె మరియానా 1599లో రాసిన పుస్తకంలో ఇంకా ముందుకు వెళ్లి నిరంకుశ రాజును చంపడాన్ని కూడా సమర్థించాడు. 1610లో ఆ పుస్తకాన్ని పారిస్‌లో తగలబెట్టారు, ఆ బోధను జెస్యూట్ సంఘమే నిషేధించింది. డగోహోయ్ ఇవేవీ చదివినవాడు కాదు. తన గురువుల సంఘంలోనే ఒకరు సాగించిన వాదం దగ్గరికి అతడు తన దుఃఖం దారిన చేరుకున్నాడు.

ఈ వాదం అతని పనులన్నిటినీ కాపాడదు. 1744 జనవరి 24న హగ్నాలో జుసెప్పె లంబెర్తి అనే ఇటలీ జెస్యూట్ తిరుగుబాటుదారుల చేతిలో చనిపోయాడు. అతడిది వేరే పారిష్. సాగరీనో శవంతో అతనికి సంబంధం లేదు. మోరాలెస్‌ను ఆ తరవాత చంపారు. ఒకడి తప్పుకు అంగీ రంగు చూసి మరొకణ్ణి శిక్షించడం, చనిపోయినవాడి తప్పుకు బంధువును శిక్షించడం లాంటిదే. అక్వినాస్ పెట్టిన షరతు ఇక్కడ డగోహోయ్‌కి వ్యతిరేకంగా నిలబడుతుంది.

ఒక్క శవం కోసం వేలమంది కొండలెక్కరు. కప్పం, వెట్టిచాకిరీ, ఇళ్లు వదిలి గంట కింద బతకవలసి రావడం అప్పటికే జనాన్ని విసిగించాయి. మొదట మూడువేల మంది వెళ్లారు, తరవాత సంఖ్య ఇరవైవేలకు చేరింది. తలిబోన్, ఇనబాంగా వెనకున్న కొండల్లో పొలాలు సాగు చేసుకుని, తమ పాలన తామే చూసుకుంటూ బతికారు. సెబూ బిషప్ మిగెల్ లీనో దె ఎస్పెలెతా క్షమాపణ చూపి రప్పించబోయి విఫలమయ్యాడు. 1768లో స్పెయిన్ రాజు జెస్యూట్లను వెళ్లగొట్టగా రికలెక్ట్ సన్యాసులు పారిష్‌లు తీసుకున్నారు, వారూ కొండలెక్కి మాట్లాడారు. గవర్నర్ జనరళ్లు ఇరవైమంది మారారు. చివరికి గవర్నర్ జనరల్ మరియానో రికాఫోర్ట్ 1827లో, మళ్లీ 1828లో సేనలు పంపాడు. 1829 ఆగస్టు నాటికి పోరు ముగిసింది. లొంగిన సుమారు 19 వేలమందికి క్షమాభిక్ష ఇచ్చి బిలార్, బతువాన్, కతిగ్బియాన్ వంటి కొత్త ఊళ్లలో నిలిపారు. చర్చి గంట మళ్లీ వారికి వినిపించింది.

1854లో బొహోల్ సెబూ నుంచి విడిపోయి ప్రత్యేక ప్రావిన్స్ అయింది. 1900లో అమెరికా సేనలు దిగినప్పుడు పెద్రో సామ్సన్ నాయకత్వంలో జరిగిన ప్రతిఘటన 1901 చివరికి ఆగింది. ఈలోగా ఎన్నో ఊళ్లు తగలబడ్డాయి. కొత్త పాలకులు చర్చిని రాజ్యం నుంచి విడదీయడంతో గురువు చేతిలో పన్నూ బంట్రోతూ లేకుండా పోయారు. సమాధి ఒక్కటే మిగిలింది.

ఆ సమాధి గురించిన నియమాన్ని రోమ్ నెమ్మదిగా సవరించుకుంది. 1752లో పోపు పద్నాలుగో బెనెడిక్ట్ దాన్ని బిగించి, గాయపడినవాడు పశ్చాత్తాపపడి వేరే చోట చనిపోయినా సమాధి లేదన్నాడు. 1917 నాటి చర్చి న్యాయస్మృతి ద్వంద్వయుద్ధంలో చనిపోయినవారిపై నిషేధాన్ని ఉంచింది గానీ, పశ్చాత్తాపం కనబడితే సడలించింది. సందేహం ఉంటే బిషప్‌ను అడగాలని, అడిగినా సందేహం తీరకపోతే అపకీర్తి రాని రీతిలో శవానికి సమాధి ఇవ్వాలని చెప్పింది. 1983 స్మృతిలో ఆ నిషేధమే లేదు. సందేహం వస్తే బిషప్‌ను అడిగి అతని మాట ప్రకారం నడవాలన్న నియమం ఉంది. ఇనబాంగాలో బిషప్ ప్రయత్నం మొదలైంది గురువులు చనిపోయాకనే.