దోసపాదున పిందె నిలువనిచో దోషమెవరిది?

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో పెరడున్న ఇంట తీగపాదు లేకుండుట అరుదు. తొలకరి పడగానే కీరదోస, బీర, సొర గింజలు నాటి, పెంటయెరువు వేసి, పందిరి కట్టుదురు. తీగ పందిరెక్కును, పచ్చని పూవులు విరివిగా పూయును. వారములు గడచినను పిందె మాత్రము నిలువదు. అప్పుడు ఇంటివారు తమకు తోచిన న్యాయము చెప్పుదురు. విత్తనము మంచిది కాదందురు. దిష్టి తగిలినదని పందిరికి పాతచెప్పు కట్టుదురు. కడకు గొడ్డుపాదని తీర్పు చెప్పి పెరికి పారవేయుదురు. ఈ తీర్పు సరియైనదా యని విచారించుట పెరటి సంగతి మాత్రమే కాదు. ఫలము కానరాని చోట దోషమును ఎవరిపై మోపవలెననునది ధర్మవిచారమే.

ముందు పాదు స్వభావమును చూడవలెను. దోసతీగకు పోతుపూవులు, ఆడుపూవులు వేరువేరుగా పూయును. సాధారణముగా మొదట వచ్చునవి పోతుపూవులే. అవి కొన్ని దినములు పూచి రాలుట దోషము కాదు, క్రమము. ఆడుపూవు విచ్చకముందే దాని క్రింద చిన్న పిందె కనబడును. ఆ పూవు విచ్చియుండునది ఒక్క పగలే. దోస పుప్పొడి జిగటగా నుండుటచే గాలికి ఎగురదు. తేనెటీగయో తుమ్మెదయో మోసికొని రావలెను. ఆ పూట అతిథి రానిచో పిందె పసుపు తిరిగి, ముడుచుకొని రాలును. పుప్పొడి కొంచెమే అందినచో కాయ వంకర తిరుగును. ఎండ మితిమీరినచో పోతుపూవులే హెచ్చును. ఇక యూరియా గుప్పిళ్ళతో వేయువారి పాదు ఆకులనే పెంచుకొనును. ఆయ్దక్కి మారయ్య నిత్యము కంటె అధికముగా బియ్యము ఏరి తెచ్చినపుడు లక్కమ్మ తిరిగి పంపిన కథ శరణుల ఇండ్లలో అందరును ఎరిగినదే. ఎరువు చల్లు వేళ ఆ కథ ఎందుకో జ్ఞప్తికి రాదు.

కావున తీగ తన కాయకమును తాను చేసినది. వేరు నీరు త్రాగినది. పూవు వేళకు విచ్చినది. రావలసినది రాలేదు. అయినను నింద తీగపైననే పడుచున్నది. లోపము కనబడిన చోటనే దోషమును వెదకుట లోకపు అలవాటు. ఇదే నాలుక ఇదే మాటతో సంతానము లేని కోడలిని కూడ పిలుచుచున్నది. భర్తకు పరీక్షయైనను చేయింపక, ఆమెను శుభకార్యములలో వెనుకకు నెట్టు కుటుంబములు ఇష్టలింగధారులలో లేవని గుండెపై చేయి వేసికొని చెప్పగలవారెవరు? సూతకములను త్రోసిపుచ్చిన శరణుల మార్గమున ఆ మాటకు చోటు లేదు; పెరటిలో పలికినను లేదు.

మరి తేనెటీగ ఏల రాలేదు? ఇచట విచారము కఠినమగును. ఈ జిల్లాలలో ప్రత్తి, మిరప విస్తారముగా పండించుచున్నారు. ప్రత్తికి గులాబిరంగు పురుగు, మిరపకు తామరపురుగు పట్టగా మందు చల్లుదురు. పూలు విచ్చియున్న ఉదయమున చల్లిన మందు పురుగుతోపాటు ఈగను కూడ చంపును. ధర్మమునకు దయయే మూలమని బసవేశ్వరుడు బోధించెను గనుక దీనిని పాపమనవలెనా? అప్పు తెచ్చి వేసిన చేను కన్నుల యెదుట పోవుచుండగా మందు కొట్టిన రైతును హింసకుడనుట తేలిక. అది పట్టణపు పెరటిలో కూర్చున్నవాని న్యాయము. అతడు సంతలో కొను మిరపకాయయు మందు కొట్టినదే. అయితే ఎరుగక చేసినది ఒకటి, ఎరిగి చేసినది మరొకటి. దోసపూవులు ముడుచుకొని, ఈగలు పట్టు చేరిన సాయంకాలమున చల్లినచో హాని చాల తగ్గునని తెలిసినవానికి, ఆ తెలివితోపాటు బాధ్యతయు వచ్చును.

చేతితో చేయు ఉపాయము కూడ కలదు. ఉదయమున అప్పుడే విచ్చిన పోతుపూవును త్రుంచి, రేకులు తీసి, ఆడుపూవు నడుమ మెల్లగా తాకింపవలెను. బీరపూవు సాయంకాలము విచ్చును గనుక దానికి ఆ వేళయే తగును. చైనాలోని సిచువాన్ రాష్ట్రమున బేరిపండ్ల తోటలలో మనుష్యులు చెట్లెక్కి ఈ పని చేసిరి. ఈగతో పని లేకయే కాయు సంకర దోసవిత్తనములు సైతము వచ్చినవి. ఇవన్నియు ఇంటికి కాయను తెచ్చును, ఈగను తేవు.

బసవపురాణమును ద్విపదలో రచించిన సోమనాథుని పేరులో నిలిచిన పాలకుర్తి, 2016 లో ఏర్పడిన జనగామ జిల్లాలోనిదే. ఆ ప్రాంతపు చేలలోను సాయంకాలపు మందుకు ఒక చిక్కు కలదు. పగటి కూలికి వచ్చినవారు ప్రొద్దు క్రుంకకముందే ఇల్లు చేరవలెను. నిలుపుకొన్నచో అదనముగా ఇవ్వవలెను. ఆ అదనపు కూలిని రైతు ఒక్కడే భరింపవలెనా, పెరటి కాయను ఇష్టలింగమునకు అర్పించి ప్రసాదముగా స్వీకరించువాడు కూడ పంచుకొనవలెనా? దాసోహమును గూర్చి ప్రసంగించు సభలలో ఈ లెక్క వేయుట అరుదు.