తండ్రి యిచ్చిన ధనము



ముప్పాళ్ళలో మనమీనాడు సమావేశమైనది గతించిన తండ్రులను, తాతలను స్మరించుటకు. ఆబ్దికదినమున కొందఱు తిలోదకములు విడుతురు; కొందఱు చిత్రపటమునకు పుష్పమాల వేసి నమస్కరింతురు. తండ్రియందలి ప్రేమచే చేయబడు నే కార్యమును నేను నిందింపను. కాని యొక ప్రశ్న మిమ్మడుగుచున్నాను. ఆ మాల వాడిన పిదప తండ్రి మనయందే రూపమున నిలిచియుండును?

ఉత్తరమునకై దూరము పోనక్కఱలేదు. మన పల్నాటిసీమలోనిదే వినుకొండ. అచ్చట యాదవకులమున పుట్టి క్రైస్తవమతము నవలంబించిన వీరయ్యగారు, మాదిగకులమున పుట్టిన లింగమ్మగారిని వివాహమాడెను. ఆ దినములలో నట్టి వివాహమునకు లోకమెంత మూల్యమడిగెడిదో మీరెఱుగుదురు. ఆ దంపతులకు 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన జన్మించిన కుమారుడే గుఱ్ఱం జాషువ. ఆ తండ్రి కుమారునకు సంపదల నిచ్చినవాడు కాడు. మనుష్యుడు మనుష్యుని కులమడుగక ప్రేమింపవచ్చునను సాక్ష్యమును మాత్రము తన గృహమునందే యుంచెను.

ఆ సాక్ష్యము కుమారునకు సుఖమిచ్చెనా? ఇయ్యలేదు. జాషువ యంటరానితనపు అవమానములను, బీదతనమును ననుభవించెను. ఉపాధ్యాయుడై, కవియై, ఆ వేదననే 1941లో ‘గబ్బిలము’ అను కావ్యముగా మలచెను. దేవాలయద్వారము మూయబడిన మనుష్యుడు, గుడిలో నిరాటంకముగా వ్రేలాడు గబ్బిలముచేత శివునకు తన మొఱ నంపుటయే దాని కథ. తండ్రి జీవించి చూపినదానిని కుమారుడు పలికి చూపెను.

ఇక మనుమరాలిని గాంచుడు. 1932లో జన్మించిన హేమలత, 1960లో గోరాగారి కుమారుడగు లవణంగారిని వివాహమాడెను. తాత దాటిన గీతను మనుమరాలును దాటెను. గోరాగారు నాస్తికులు. దైవమును నమ్మని గృహమునందు కులమును పాటింపకుండుట యాచరణమయ్యెను. దైవమును విశ్వపితయని కీర్తించు మన గృహముల మాటయేమి? అటుపిమ్మట నామె, పుట్టుకచేతనే నేరస్థులని ప్రభుత్వము ముద్రవేసినవారి సంతతి నడుమ స్టువర్టుపురమునను, జోగినీ దురాచారమునకు బలియైన స్త్రీల నడుమ నిజామాబాదు ప్రాంతమునను, 2008లో కన్నుమూయువఱకు పాటుపడిన జీవితమును గడపెను. ‘మా నాన్నగారు’ అను పుస్తకమును తండ్రిని గూర్చి వ్రాసెను. కాని తండ్రికామె చేసిన పెద్ద తర్పణము పుస్తకము కాదు, ఆ సేవయే.

ఇది మన సీమకు క్రొత్తది కాదు. బ్రహ్మనాయుడు మాచెర్లలో చాపకూడు పెట్టి సర్వకులములవారిని నొక్క పంక్తిని కూర్చుండబెట్టెననియు, కన్నమదాసును కుమారునిగా నాదరించెననియు పల్నాటి వీరగాథలు పాడుచున్నవి. ఆ గాథలను గర్వముతో విందుము. పంక్తిని మాత్రము వేఱుచేయుదుము!

మిత్రులారా, సభలో సంస్కరణమును గూర్చి యుపన్యసించి, కుమార్తె తన మనస్సునకు నచ్చిన వరుని పేరు చెప్పినంతనే తలుపు మూయు తండ్రులు మనలో లేరా? నన్ను నేనును పరీక్షించుకొనుచున్నాను. మన పిల్లలు మన యుపన్యాసములను మఱచిపోవుదురు. ఆ దినమున తలుపు తెఱచితిమో, మూసితిమో మఱువరు. పొలము పంపకములలో తరుగును. ధైర్యము పంచినకొలది పెరుగును. మనుమలకు మనమేది విడిచిపోవుదుము?

దయామయుడవగు పరమపితా! మా తండ్రుల ప్రేమయందు నీ ప్రేమ ఛాయను జూపితివి. వారి మంచిని గైకొని, వారి భయములను విడిచిపెట్టు వివేకమును మాకనుగ్రహింపుము. మా గృహద్వారములు మా మాటలంత విశాలములగుగాక.

శాంతిః శాంతిః శాంతిః.