రాని ఆట, వచ్చిన వార్త

ఇంకా పుట్టని వస్తువును గురించి చెప్పే మాట జ్ఞానం అనిపించుకుంటుందా అన్న ప్రశ్న కొత్తది కాదు. పదిహేడో శతాబ్దపు ఆంధ్ర తార్కికుడు అన్నంభట్టు తన ‘తర్కసంగ్రహం’లో అభావాన్ని, అంటే లేకపోవడాన్ని, నాలుగు విధాలుగా విడదీసి, వాటిలో మొదటిదిగా ప్రాగభావాన్ని చెప్పాడు. కుండ తయారు కాకముందు కుండ లేకపోవడం ప్రాగభావం. దానికి మొదలు లేదు గాని, కుండ పుట్టిన క్షణాన అంతమవుతుంది. కుండ పగిలిన తరువాత లేకపోవడం ప్రధ్వంసాభావం. దానికి మొదలుంది, అంతం లేదు. వీడియో గేముల పత్రికల మీద ఆటగాళ్లకున్న చిరాకును ఇంత పెద్ద శాస్త్రంతో ముడిపెట్టడం వింతగానే తోచవచ్చు గాని, ఆ పత్రికలు దశాబ్దాల పాటు అట్ట మీద బొమ్మ వేసి అమ్మిన సరుకులో ఎక్కువ భాగం ప్రాగభావమే.

ఆటగాళ్ల ఫిర్యాదు సూటిగా ఉంటుంది. రాబోయే కన్సోల్, అంటే టీవీకి తగిలించి ఆటలాడుకునే యంత్రం, లేదా పేరున్న ఆటకు తరువాయి భాగం వస్తోందని అట్ట మీద పెద్ద అక్షరాలుంటాయి. లోపల పేజీలు తిప్పితే తయారీదారులు ఇచ్చిన నాలుగు బొమ్మలు, వాటి చుట్టూ పొగడ్త, విడుదల తేదీ ఇంకా తేలలేదన్న మాట తప్ప మరేమీ దొరకదు. ‘డ్యూక్ న్యూకెం ఫరెవర్’ అన్న ఆటను 1997లో ప్రకటించగా అది 2011లో వచ్చింది. ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో’ ఐదో భాగం 2013 సెప్టెంబరులో వస్తే, ఆరో భాగపు మొదటి ట్రైలర్ 2023 డిసెంబరులో వచ్చింది. అప్పుడు చెప్పిన 2025 గడువు 2026 మే నెలకు, అక్కడి నుంచి నవంబరుకు జరిగింది. దీన్ని ఓపిక లేని కుర్రకారు గోలగా కొట్టిపారేయడం సులభమే గాని, జాగ్రత్తగా వింటే వాళ్ల కోపం ఆలస్యం మీద కన్నా ప్రమాణం మీద ఎక్కువగా ఉంది. ప్రమాణమంటే శాస్త్రంలో సరైన జ్ఞానాన్ని కలిగించే సాధనం.

రాబోయేదాన్ని తెలుసుకోవడం అసాధ్యమేమీ కాదని రావులపాలెం అరటి మార్కెట్టు చూపిస్తుంది. గౌతమి ఒడ్డున, జాతీయ రహదారి మీద ఉన్న ఈ ఊరికి చుట్టుపక్కల తోటల నుంచి, లంకల నుంచి రైతులు కర్పూర, చక్రకేళి గెలలను సైకిళ్లకు కట్టి తోసుకుంటూ తెస్తారు. అక్కడ కొనేవాడు చూసేది పచ్చి గెలను, ధర కట్టేది పండుకు. కాయ ఇంకా పలకలు తేలి ఉందా లేక నిండి గుండ్రబడిందా, పై అత్తంలోనూ అడుగు అత్తంలోనూ ఒకే తీరుగా ఊరిందా, తొందరపడి ముందే కోశారా అన్నవన్నీ అతని కన్ను ఒక్క చూపులో లెక్కగడుతుంది. ఆ కాయ మగ్గేది మాత్రం తరువాత ఎప్పుడో, మరెక్కడో. ఇది అనుమాన ప్రమాణం, అంటే పొగను చూసి నిప్పును గ్రహించినట్టు ఎదుటనున్న గుర్తును బట్టి కనబడనిదాన్ని తెలుసుకోవడం. ప్రాగభావం గాలిలో తేలుతూ ఉండదని, కార్యం దేనిలో పుడుతుందో ఆ సమవాయి కారణంలోనే, కుండ విషయంలోనైతే దాన్ని కూర్చే రెండు సగాల్లోనే, ఉంటుందని నైయాయికులు, అంటే న్యాయశాస్త్రం వాళ్లు, చెప్పడంలోని బలం ఇక్కడ తెలుస్తుంది. పండు ఇంకా రాకపోవడం గెలలోనే ఉంది. గెల బేరగాడి కళ్లెదుట ఉంది.

పత్రిక పాఠకుడికి ఆ గెల అందదు. సగం కట్టిన ఆట తయారీదారు గదిలో తాళం వెనక ఉంటుంది కాబట్టి, అతనికి మిగిలే ప్రమాణం శబ్దం ఒక్కటే, అంటే ఆప్తుడి మాట. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పేవాడు ఆప్తుడని తర్కశాస్త్రం. వాడుక తెలుగులో మాత్రం ఆప్తుడంటే దగ్గరివాడు. ఈ రెండర్థాల మధ్యనే పత్రిక ఇరుక్కుపోయింది: పాఠకుడు శాస్త్రంలోని ఆప్తుణ్ణి కోరుకుంటే, పత్రిక తనకు ఆటను చూడనిచ్చినవాడికి వాడుకలోని ఆప్తురాలయింది. అమెరికాలో 1991లో మొదలైన ‘గేమ్ ఇన్ఫార్మర్’ చాలా ఏళ్లు గేమ్‌స్టాప్ అనే ఆటల దుకాణాల సంస్థ చేతిలోనే ఉండేది. దాని రచయితలు నిజాయితీపరులే అయినా, పండు అమ్మేవాడి కొట్లోనే పండు రుచి రాయాల్సిన పరిస్థితి అది. 2005లో లాస్ ఏంజెలెస్‌లో ప్లేస్టేషన్ 3 ఆటగా చూపిన ‘కిల్‌జోన్’ వీడియో ముందే గీసి పెట్టిన బొమ్మల వరుస అని తరువాత తేలింది. ఆ యంత్రం అప్పటికింకా పుట్టనే లేదు. పాఠకుడూ పూర్తిగా నిర్దోషి కాడు. విడుదలైన ఆట మీద ఓపికగా రాసిన విమర్శ పక్కన రాబోయే ఆట ముఖచిత్రం పెడితే, అతని చెయ్యి ముందు దానివైపే పోతుంది.

ఆ చెయ్యిని లాగేదాన్ని ఆకాంక్ష అంటారు. వ్యవహారంలో అది కోరిక. తర్కంలో అది ఒక పదం అర్థవంతం కావడానికి మరో పదాన్ని కోరడం. ‘కుండను’ అని విన్న చెవి ‘తే’ అన్న క్రియ కోసం ఆగుతుంది. 2015 జులై 10న ‘బాహుబలి’ మొదటి భాగం కట్టప్ప కత్తి దగ్గర ఆగిపోయి, 2017 ఏప్రిల్ 28 వరకు తెలుగువాళ్లను ఆపి ఉంచినా ఎవరికీ అంతగా చేదెక్కలేదంటే, వాక్యంలో సగం వాళ్ల చేతిలో నిజంగా ఉండడమే కారణం. అదే 2015 జులై 14న గోదావరి పుష్కరాలు మొదలయ్యాయి. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించడమే కారణమని తెలిసి ఉండడం వల్ల పన్నెండేళ్ల ఎదురుచూపు కూడా నిశ్చింతగా సాగుతుంది. 2027 పుష్కరాల లెక్కను ఎవరి అనుమతీ అక్కర్లేకుండా పంచాంగం తెలిసినవాళ్లెవరైనా కట్టుకోవచ్చు. రాబోయే ఆట కథనం సగం వాక్యాన్నీ ఇవ్వదు, లెక్కనూ ఇవ్వదు. ఆకాంక్షను మాత్రమే ఇచ్చి, దాని ధర తీసుకుంటుంది.

పుట్టుక తేదీయే చెదిరిపోయే సందర్భం మరీ చిక్కయినది. 2012లో ప్రకటించిన ‘సైబర్‌పంక్ 2077’ను పత్రికలు ఏళ్ల తరబడి ఆకాశానికెత్తాయి. 2020 డిసెంబరు 10న అది విడుదలైనప్పుడు పాత కన్సోళ్లలో ఎంత అధ్వాన్నంగా నడిచిందంటే, వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన ఆన్‌లైన్ దుకాణం నుంచి తీసేసింది. తరువాత దిద్దుబాట్ల మీద దిద్దుబాట్లు పడి, 2023 సెప్టెంబరులో వచ్చిన పెద్ద మార్పుతో ఆనాడు చెప్పిన ఆట ఇదేనని చాలామంది ఒప్పుకున్నారు. అన్నంభట్టు కుండకు ఇలాంటి దిద్దుబాట్లు లేవు గాని, పచ్చికుండ ఆవంలో ఎర్రబడడం మీద ఆయన శాస్త్రంలోనే తగువు ఉంది. పచ్చికుండ పరమాణువులుగా విడిపోయి వేరే కుండ పుడుతుందని వైశేషికుల పీలుపాక వాదం. కుండ అదే, రంగే మారిందని నైయాయికుల పిఠరపాక వాదం. మొదటిది ఒప్పుకుంటే 2020కి ముందు పత్రికలు వర్ణించింది కొన్నవాడి చేతికి రాని మరో ఆటను. రెండోది ఒప్పుకుంటే అవి అదే ఆటను గురించి కొన్నేళ్లు తొందరపడి నిజమే చెప్పాయి. తన డబ్బు పెట్టి పచ్చికుండలో నీళ్లు పోసినవాడు ఎటువైపు నిలబడతాడో తార్కికులు అడగలేదు.